వెనక్కి తిరగని పిడి

మా మావయ్యగారు నాతో మొదటిసారి నేరుగా మాట్లాడింది ఒక ఇత్తడి చక్రం గురించి. అప్పటికి నేను పెళ్ళయి తెనాలి వచ్చి ఏడాది దాటింది. అరవైల చివరి రోజులు. మా ఇళ్ళల్లో కోడలు మావగారి ఎదుటపడి మాట్లాడే అలవాటు లేదు. ఆయనకి మంచినీళ్ళు కావాలంటే "ఏమే, నీళ్ళు" అని అత్తయ్యని కేకేసేవారు. అత్తయ్య నా వంక చూసేది. నేను తెచ్చి అత్తయ్య చేతికిస్తే, ఆవిడ ఆయన చేతికిచ్చేది. నేనేదైనా అడగాలన్నా అదే దారి.

నాకేమో అడక్కపోతే తోచదు. చెరుకుపల్లి దగ్గర మా పుట్టింట్లో గోడగడియారం విప్పి చూశాను, నాన్న టార్చిలైటు విప్పి చూశాను. గడియారం మళ్ళీ నడిచింది, టార్చి వెలగలేదు. "దీని చేతికి ఏదీ ఇవ్వకండి" అని అమ్మ ఇంటికొచ్చినవాళ్ళకి కూడా చెప్పేది. నాతోపాటు అత్తారింటికి వచ్చిన కుట్టుమిషనుని మాత్రం ఎన్నిసార్లు విప్పి బిగించానో నాకే తెలీదు.

మావయ్యగారు కాలవ లాకుల మీద పనిచేసి రిటైరయ్యారు. పొద్దున్నే కాఫీ తాగి, ఒక మామూలు వెదురు గాలం కర్ర భుజాన వేసుకుని కాలవ గట్టు మీదికి పోయేవారు. ఎండెక్కేసరికి రెండు మూడు కొర్రమీనులో, ఏమీ లేకపోతే గుప్పెడు చిన్న చేపలో తెచ్చి గిన్నెలో వేసేవారు. ఆ కర్రకి చక్రం గిక్రం ఏమీ లేదు. కొసన దారం, దారానికి బెండు, గాలం, అంతే.

ఆ రోజు ఆయన కాలవకి వెళ్ళలేదు. వసారాలో పీట వేసుకుని, కొబ్బరిచిప్పంత ఇత్తడి చక్రం ఒళ్ళో పెట్టుకుని, చాకు మొనతో మర విప్పబోతున్నారు. నేను తలుపు వెనకాల నిలబడి చూస్తున్నాను. మర రాదు. చాకు జారుతోంది, మర తల అరిగిపోతోంది. నాకు ప్రాణం పోయినట్టుంది.

"అత్తయ్యా, అది ఎడమ మర. అటు తిప్పితే ఇంకా బిగుస్తుందని చెప్పండి" అన్నాను.

అత్తయ్య ఇంట్లో లేదు. పక్కింటికి వెళ్ళిన సంగతి మర్చిపోయాను. మావయ్యగారు తలెత్తి చూశారు. నేను లోపలికి పారిపోదామనుకునేంతలో "ఏమ్మాయ్, ఎడమ మరని నీకెట్లా తెలుసు?" అన్నారు.

"మర అంచు కనిపిస్తోందండి. గీతలు అటు వాలి ఉన్నాయి. సైకిలు ఎడమ పెడలుకి కూడా అట్లాగే ఉంటుందండి."

ఆయన చక్రాన్ని వెలుగుకేసి పట్టి చూశారు. చాకు రెండో వైపు తిప్పారు. మర కదిలింది. "ఇట్లా వచ్చి కూచో" అన్నారు. నేను కూచోలేదు గానీ గడప దాటి నిలబడ్డాను.

అది చేపలు పట్టే చక్రం. ఎప్పుడో ఒక ఇంజినీరుగారు బదిలీ మీద పోతూ మావయ్యగారికి ఇచ్చి వెళ్ళారట. పెట్టెలో పడి పచ్చగా చిలుం పట్టింది. గాలం కర్ర మొదట్లో దీన్ని బిగించి, దారమంతా దీనికి చుడతారు. చేప లాగితే దారం వదులుతుంది, మనం పిడి తిప్పితే దారం వెనక్కి వస్తుంది. కిరసనాయిలులో నానబెట్టి, చింతపండు పెట్టి తోమి, నా కుట్టుమిషను నూనె నాలుగు బొట్లు వేసేసరికి చక్రం కిరకిరమంటూ తిరగడం మొదలుపెట్టింది. ఆ కిరకిర ఎక్కణ్ణించి వస్తోందో చూద్దామని మళ్ళీ విప్పాను. లోపల ఒక పళ్ళ చక్రం, దానికి ఆనుకుని నాలుకలాంటి చిన్న ఇనప ముక్క. పళ్ళ మీద నాలుక తగిలిన చప్పుడది.

"మీకు మామూలు కర్రతోనే చేపలు పడుతున్నాయి కదండీ, ఇదెందుకండీ?" అన్నాను.

"ఊరికే" అన్నారు. మళ్ళీ ఆయనే, "దీని పిడి ఇంకా పెద్దది చెయ్యొచ్చా?" అని అడిగారు.

"ఎంత పెద్దదండీ?"

ఆయన తన కుడి చేతిని ముందుకు చాపి, నాలుగు వేళ్ళూ అరచేతిలోకి మడిచి, బొటనవేలు ఒక్కటే పైకి ఉంచారు. "ఈ చేత్తో తిప్పేటట్టు" అన్నారు.

అప్పుడు తెలిసింది సంగతి. మావయ్యగారికి ఒక స్నేహితుడుండేవాడు, వయసులో పదేళ్ళు చిన్న. మా ఇంట్లో అందరూ ఆయన్ని బాబాయిగారు అనే అనేవాళ్ళు. ఇల్లు బాపట్ల. పొన్నూరులో ఒక బియ్యం మిల్లులో ఇంజను డ్రైవరు. సెలవొస్తే ఇద్దరూ తెనాలిలో కలుసుకుని, రేపల్లె బండెక్కి, పెనుమూడి రేవు దాకా పోయి కృష్ణలో పండుగప్ప చేపలకి గాలం వేసేవాళ్ళు. నా పెళ్ళికి ముందే ఒకనాడు మిల్లులో బెల్టు ఆయన కుడి చేతిని లాగేసింది. బొటనవేలు ఒక్కటే మిగిలింది. మిల్లువాళ్ళు గేటు దగ్గర కుర్చీ వేసి కూచోబెట్టారు. అప్పట్నించీ ఆయన గాలం ముట్టుకోలేదు. మావయ్యగారు బాపట్ల వెళ్ళి చేపల మాటెత్తితే లేచి లోపలికి పోయేవాడట.

"ఎడం చెయ్యి బాగానే ఉందిగదండీ?" అన్నాను.

"ఉంది. కర్ర ఎడం చేత్తో పట్టుకోగలడు. లాగేందుకు రెండో చెయ్యి లేదు. దారం వేళ్ళతో పట్టి లాగాలిగా. అందుకే ఈ చక్రం."

అప్పట్నించీ మా ఇంట్లో అత్తయ్య మధ్యవర్తిత్వం కొంత తగ్గింది. ఆవిడ దానికేమీ అనుకోలేదు. "మీ ఇద్దరికీ ఒకటే పిచ్చి, మధ్యలో నేనెందుకు" అంది.

కర్ర పని మావయ్యగారిది. లోపల బోలు తక్కువుండే గట్టి వెదురు ఏరి తెచ్చి, నీడన ఆరబెట్టి, వంకర ఉన్నచోట కుంపటి మీద వేడి చేసి మోకాలికి ఆనించి సరిచేసేవారు. దారం నడిచే ఉంగరాలు ఇత్తడి తీగతో నేను చుట్టాను. వాటిని కర్రకి పట్టుదారంతో కట్టి పైన వార్నీషు పూశాం. ఉంగరాలు ఎక్కడెక్కడ ఉండాలని అడిగితే ఆయనా చెప్పలేకపోయారు. చక్రంతో కర్ర ఆయనా ఎప్పుడూ చెయ్యలేదు మరి. అప్పుడు కర్ర కొసకి ఇటుక కట్టి, దారాన్ని ఒట్టి చేత్తో కర్ర వెంట లాగి చూశాను. కర్ర వంగినప్పుడు దారం ఎక్కడ వెదురుకి రాసుకుంటుందో అక్కడ సుద్దతో గీత పెట్టాను. కొస దగ్గర గీతలు ఒత్తుగా పడ్డాయి, మొదటికి వచ్చేకొద్దీ దూరమయ్యాయి. ఆ గీతల మీదే ఉంగరాలు కట్టాం. ఈసారి ఇటుక కట్టి లాగితే దారం ఎక్కడా వెదురుని ముట్టుకోలేదు. మావయ్యగారు ఆ కర్రని ఎత్తి వంచి, ఎత్తి వంచి, అన్నానికి పిలిచినా రాలేదు.

పిడి దగ్గర ఆగిపోయాం. దారపుండ చెక్కని పిడిగా పెడితే తడి అరచేతికి జారింది. మావయ్యగారు తోలు పట్టీ ఆలోచన చెప్పారు. పిడికి తోలు ఉచ్చులాంటిది కుడితే, బాబాయిగారు మణికట్టు దాకా చెయ్యి అందులో దూర్చి తిప్పుకోవచ్చు. నేను చెప్పులు కుట్టే సూదితో గట్టిగా కుట్టాను. నా చేతికి బాగానే నప్పింది.

బాపట్లకి అత్తయ్యతో కలిపి ముగ్గురం వెళ్ళాం, బాబాయిగారి భార్య పిన్నిగారిని చూసొద్దామని చెప్పి. బాబాయిగారు పొడుగాటి మనిషి, మాట మెత్తన. కుడి చేతిని పంచె మడతలో దాచుకుని కూచున్నారు. మావయ్యగారు కర్ర గోడకి ఆనించి, దాని గురించి ఏమీ చెప్పకుండా ఎండల గురించీ నారుమళ్ళ గురించీ మాట్లాడారు. బాబాయిగారు రెండుసార్లు కర్ర వంక చూసి, మూడోసారి "ఏంటన్నయ్యా అది?" అన్నారు.

సాయంత్రం ఊరవతల వాగు దగ్గరికి వెళ్ళాం. బాబాయిగారు ఎడం చేత్తో కర్ర విసిరారు. ఎన్నాళ్ళయిందో విసిరి, అయినా గాలం నీళ్ళ మధ్యకి వెళ్ళి పడింది. మణికట్టు తోలు పట్టీలో దూర్చి మెల్లగా తిప్పుతూ ఉంటే చక్రం కిరకిరమంది. ఆయన ముఖంలో నవ్వు రావడం చూశాను. ఇంతలో చేప పడింది.

పెద్దదేం కాదేమో. కానీ పరుగు తీసింది. దారం వదులుతూ చక్రం వెనక్కి తిరిగింది, చక్రంతో పాటు పిడి తిరిగింది, పిడితో పాటు పట్టీలో ఉన్న ఆయన చెయ్యి గిర్రున మెలిపడింది. ఆయన అరిచిన అరుపు మామూలు అరుపు కాదు. చెయ్యి ఊడబెరుక్కుని, కర్రని వాగులోకి విసిరేసి, గట్టెక్కి వెళ్ళిపోయారు. వెనక్కి తిరిగి చూడలేదు. మావయ్యగారు మోకాలి లోతు నీళ్ళలోకి దిగి కర్ర తెచ్చారు. తిరుగు బండిలో నిడుబ్రోలు స్టేషను దాటాక అత్తయ్య "చేతికేం కాలేదుగదా" అంది. "చర్మం గీరుకుంది" అన్నారు మావయ్యగారు. ఇంటికొచ్చి కర్రనీ చక్రాన్నీ అటక మీద పెట్టేశారు.

చేప లాగినప్పుడు దారం వదలాలి. దారం వదలకపోతే తెగుతుంది. దారం వదిలితే చక్రం తిరగాలి. చక్రం తిరిగినా పిడి తిరక్కూడదు. ఈ నాలుగు ముక్కలూ బియ్యం ఏరుతున్నా, బట్టలుతుకుతున్నా నా బుర్రలో తిరిగేవి. చక్రానికీ పిడికీ ఒకటే ఇరుసు, ఒకటి తిరిగితే రెండోది తిరక్కుండా ఎట్లా ఉంటుంది?

జవాబు నా కాళ్ళ కిందే ఉంది. పండక్కి జాకెట్లు కుడుతూ బాబిన్‌కి దారం చుట్టుకోవాలని, మిషను పెద్ద చక్రం మధ్యలో ఉండే చిన్న బిళ్ళని వదులు చేశాను. ఎప్పుడూ చేసే పనే. ఆ బిళ్ళ వదులు చేస్తే పెద్ద చక్రం తిరుగుతుంది గానీ సూది కదలదు. బిగిస్తే రెండూ కలిసి తిరుగుతాయి. తొక్కుతూ తొక్కుతూ ఆగిపోయాను. సగం బిగిస్తే?

సగం బిగించాను. చక్రం తిప్పితే సూది కదిలింది. సూది కడ్డీని చేత్తో గట్టిగా పట్టుకుని తిప్పితే, చక్రం జారుతూ తిరిగింది, సూది ఆగిపోయింది. ఇంకొంచెం బిగిస్తే కొంచెం ఎక్కువ బలం పెట్టాక జారింది. అక్కణ్ణించి లేచి నేరుగా వసారాలోకి వెళ్ళి "మావయ్యగారూ, ఒక్కసారి లోపలికి రండి" అన్నాను. ఆయన కంగారుగా వచ్చారు, ఎవరికేమైందోనని. మిషను చూపించాను. ఆయన చాలాసేపు బిళ్ళని బిగించీ, వదిలీ, కడ్డీ పట్టుకునీ చూశారు. వెళ్ళి అటకకి నిచ్చెన వేశారు.

తెనాలిలో లేతుషాపు అతనికి మేం ఏం చెయ్యమంటున్నామో అర్థం కావడానికి రెండు మూడు సార్లు తిరగాల్సొచ్చింది. పిడీ ఇరుసూ ఒకటి. ఇరుసుకి పళ్ళ చక్రం, దానికో నాలుక. ఆ నాలుక ఇరుసుని ముందుకే తిరగనిస్తుంది, వెనక్కి తిరగనివ్వదు. దారం చుట్టిన చక్రం ఇరుసు మీద వదులుగా ఉంటుంది. దాన్ని రెండు తోలు బిళ్ళల మధ్య ఒత్తి పట్టేందుకు పైన ఒక బిళ్ళ, చేత్తో బిగించుకునేది. మనం పిడి తిప్పితే తోలు ఒరిపిడికి చక్రం కూడా వస్తుంది. చేప గట్టిగా లాగితే చక్రం జారి దారం వదులుతుంది, పిడి ఉన్నచోటే ఉంటుంది. తోలు బిళ్ళలు సైకిలు పంపు వాసరు కత్తిరించి చేశాను. తోలు పట్టీ పీకేశాం. దాని బదులు బత్తాయంత చెక్క గుండు పెట్టించాం, అరచెయ్యి ఆనించి తోసేందుకు.

ఎంత బిగించాలన్నది తర్వాతి సంగతి. డాబా మీద నుంచి దారానికి బిందె వేలాడదీసి, కర్ర మావయ్యగారు పట్టుకుంటే, నేను కింద పీటెక్కి నిలబడి చెంబుతో బిందెలో నీళ్ళు పోస్తూ ఉండేదాన్ని. ఎన్ని నీళ్ళకి చక్రం జారితే అంత బిగువన్నమాట. పక్కింటావిడ పిట్టగోడ మీద నుంచి తొంగిచూసి "బావి లేదాండి మీకు?" అంది. ఒకసారి తోలు పట్టేసి జారలేదు. దారం తెగి బిందె దభీమని పడి సొట్టపోయింది. అత్తయ్య బయటికొచ్చి బిందెని చూసి, మమ్మల్ని చూసి, "పుట్టింటివాళ్ళు పెట్టిన బిందె" అని మాత్రం అంది.

మళ్ళీ బాపట్ల వెళ్ళాం. బాబాయిగారు కర్రని చూడగానే లేచారు.

"మీరు పట్టుకోవద్దు బాబాయిగారూ" అన్నాను. "మీరు దారం లాగండి చాలు. పిడి నేను పట్టుకుంటాను."

గుమ్మంలో ఆగిపోయారు. మావయ్యగారు వేరే వైపు చూస్తున్నారు. నేను పిడి మీద అరచెయ్యి ఆనించి కూచున్నాను. బాబాయిగారు వచ్చి ఎడం చేత్తో దారం పట్టి మెల్లగా లాగారు. చక్రం జారింది, నా చెయ్యి కదల్లేదు. గట్టిగా లాగారు. గుంజారు. దారం వస్తోంది, పిడి కదలదు. ఆయన ముఖం మారింది. భయం కాదది. ఇంజను దగ్గర పనిచేసిన మనిషి కదా.

"లోపల ఏం పెట్టావమ్మా?" అన్నారు.

"రెండు తోలు బిళ్ళలండి. ఒత్తితే పట్టుకుంటాయి, బలమెక్కువైతే జారతాయి."

"అయితే బెల్టు పుల్లీ మీద జారినట్టు."

ఆ మాట అన్నాక పిన్నిగారు కాఫీ గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. బాబాయిగారు కుడి చేతిని పంచె మడతలోంచి బయటికి తీశారు. నేను ఆ చేతిని చూడటం అదే మొదలు. చక్రాన్ని ఒళ్ళోకి తీసుకుని, కుడి అరచేత్తో అదిమిపట్టి, ఎడం చేత్తో బిళ్ళ విప్పారు. తోలు బిళ్ళని బయటికి తీసి వేలితో రాసి చూశారు.

"ఎండు తోలు పెట్టారు. ఇది కాసేపు పట్టేసి, ఒక్కసారిగా వదుల్తుంది. ఆముదంలో నానెయ్యాలి" అన్నారు. పిన్నిగారి వైపు తిరిగి "ఆముదం సీసా పట్రా" అన్నారు.

మా బిందె ఎందుకు పడిందో నాకప్పుడు తెలిసింది.

పెనుమూడి రేవుకి నన్ను కూడా తీసుకెళ్ళారు. తెనాలిలో పొద్దున్న బండెక్కి రేపల్లెలో దిగి, జట్కా మాట్లాడుకుని వెళ్ళాం. పోటు వస్తోంది. సముద్రం నీళ్ళు నదిలోకి ఎక్కొస్తుంటే వాటితో పాటు పండుగప్పలు వస్తాయని మావయ్యగారు చెప్పారు. పడవల రేవు పక్కన పాత గుంజలుండే చోట బాబాయిగారు బతికున్న రొయ్యని ఎర గుచ్చి విసిరారు. కర్ర మొదలు నడుము పట్టీకి కుట్టిన తోలు గిన్నెలో ఆనుకునేట్టు పెట్టాను, బరువు చేతి మీద పడకుండా. ఆ పట్టీ ఆయన నడుముకి కొలత తీసుకుని కుట్టిందే.

చేప తగలగానే ముందు కర్ర వంగడం చూశాను. తర్వాత చక్రం పాట మొదలెట్టింది. పండుగప్ప నీళ్ళపైకి ఎగిరి, తల విదిలించి, మళ్ళీ లోపలికి పోయింది. చక్రం జారుతోంది. పిడి మీద బాబాయిగారి అరచెయ్యి అట్లాగే ఉంది. చేప ఆగినప్పుడు తిప్పారు. అది లాగినప్పుడు ఊరుకున్నారు. పక్కన నిలబడ్డ పల్లెకారు ఆడమనిషి ఒకావిడ, చేపల గంప దించి మరీ చూస్తూ, "వదలమాక బాబూ, గుంజల్లోకి పోనియ్యమాక" అని కేకలేసింది.

అది గుంజల్లోకే పోయింది. దారం తెగింది. కర్ర నిటారుగా నిలబడింది.

నాకు ఏడుపొచ్చినంత పనయింది. బాబాయిగారు మాత్రం తెగిన దారం వంక చూస్తూ "పిడి కదల్లేదు చూశావా అన్నయ్యా!" అన్నారు. "ఇంత లాగింది, కదల్లేదు!" అని పెద్దగా నవ్వారు. ఆ ఆడమనిషి ఈయనకేమయిందో అన్నట్టు మా వంక చూసింది. ఆ రోజు మాకు చేప దొరకలేదు, ఆవిడ గంపలో నుంచే కొనుక్కుని ఇంటికెళ్ళాం. అత్తయ్యకి చెప్పలేదు గానీ, కోసేటప్పుడు గాలం గాటు లేదని ఆవిడే కనిపెట్టింది.

ఆ తర్వాత పండుగప్పలు పడ్డాయి. చాలా పడ్డాయి. డెబ్భైల్లోకి వచ్చేసరికి బాబాయిగారు ఒక్కరే బాపట్ల నుంచి తెనాలి మీదుగా రేపల్లె వెళ్ళొచ్చేవారు, దారిలో మా ఇంట్లో ఆగి చక్రం విప్పించుకుని. ఆయన కర్ర చూసి బాపట్లలో ఒక డాక్టరుగారు తనకీ కావాలన్నారు. చీరాల దగ్గర్నుంచి ఎవరో వచ్చారు. వచ్చినవాళ్ళని ముందు వాకిట్లో నిలబెట్టి నిమ్మకాయ విసరమనేదాన్ని. కొందరు భుజంతో విసురుతారు, కొందరు మణికట్టుతో. భుజంతో విసిరేవాళ్ళకి పొడుగు కర్ర, మణికట్టుతో విసిరేవాళ్ళకి కొస మెత్తగా ఉండేది. ఇద్దరు మనుషులు ఒకలాగా విసరగా నేను చూళ్ళేదు. మా ఆయన గుంటూరు ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికి వాకిట్లో పెద్దమనుషులు నిమ్మకాయలు విసురుతూ కనపడితే చెప్పులు విడిచి, తప్పుకుని, లోపలికి వెళ్ళి పేపరు చదువుకునేవాడు.

ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టేది కాదు. నేను బిందె పెట్టి కొలిచి బిగించిన బిగువుని బాబాయిగారు నీళ్ళ దగ్గరికి వెళ్ళగానే మార్చేసేవారు. ఒక రోజు వదులు, ఒక రోజు బిగువు. ఎట్లా తెలుస్తుందండీ అని అడిగాను. ఆయన పెనుమూడిలో ఒకసారి కర్ర నా చేతికిచ్చి, "పాటు మొదలైంది. దారం మీద వేలు పెట్టి ఉంచు, అదే చెబుతుంది" అన్నారు.

నది సముద్రంలోకి వెనక్కి లాగుతోంది. దారం వేలి కింద సన్నగా వణుకుతోంది, ఎవరో దూరంగా మాట్లాడుకుంటుంటే గోడకి చెవి పెట్టినట్టు. "అది నీళ్ళు" అన్నారు ఆయన. కాసేపటికి వణుకు ఆగింది. తర్వాత ఒకటి, చాలా మెత్తగా, ఎవరో దారాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూసినట్టు, కొంచెం లాగి, ఆగి, మళ్ళీ కొంచెం లాగింది. "ఇదేంటండీ?" అన్నాను. ఆయన వంగి దారం మీద తన బొటనవేలు ఆనించారు. చాలాసేపు ఉంచారు. అది మెల్లగా వదిలేసి వెళ్ళిపోయింది.

"చేప కాదమ్మా" అన్నారు. "ఏంటో నాకూ తెలీదు."

గాలం పైకి లాగి చూశాం. రొయ్య గాటు కూడా లేకుండా అట్లాగే బతికి ఉంది.